ద్వారాలు మూసుకున్నాక చేరిన సేవకుడు

నమస్కారం. ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది 1987లో హాంగ్‌కాంగ్‌లో నిర్మించిన ‘లాయ్ షీ, చైనాస్ లాస్ట్ యూనక్’ అనే చారిత్రక చిత్రం గురించి. దర్శకుడు జేకబ్ చియంగ్‌కు ఇది తొలి చిత్రం. పోరాట చిత్రాల ద్వారా మనలో చాలామందికి తెలిసిన సామో హంగ్ దీనికి నిర్మాత, మాక్స్ మోక్ కథానాయకుడు. అదే ఏడాది బెర్టొలూచీ తీసిన ‘ది లాస్ట్ ఎంపరర్’ విడుదలై తొమ్మిది ఆస్కార్ అవార్డులు అందుకోవడంతో, బీజింగ్ రాజప్రాసాదపు చివరి రోజులు అనగానే సింహాసనం మీద కూర్చున్న పసివాడే అందరికీ గుర్తుకొస్తాడు. అదే కాలంలో, అదే ప్రాసాదంలో ఊడిగం చేయడానికి వచ్చిన మరో పిల్లవాడి కథ ఈ హాంగ్‌కాంగ్ చిత్రం. చక్రవర్తి కథ తెలిసిన ప్రతి ఒక్కరూ ఈ సేవకుడి కథ కూడా తెలుసుకోవాలన్న కోరికతో ఈ వీడియో చేస్తున్నాను. ఇందులో ఒక పసివాడి శరీరానికి జరిగిన గాయం గురించి చెప్పక తప్పదు గనుక, పక్కన చిన్నపిల్లలు ఉంటే దయచేసి తర్వాత వినండి.

కథ క్లుప్తంగా ఇది. ఒక పేద రైతు తన కొడుకు రాజప్రాసాదంలో సేవకుడిగా చేరి కుటుంబాన్ని గట్టెక్కిస్తాడని ఆశపడి, తన చేతులతోనే ఆ పసివాడికి అంగచ్ఛేదం చేస్తాడు. గాయం మానేలోపే విప్లవం వచ్చి, చైనాలో రాచరికం రద్దవుతుంది. ఏ కొలువు కోసం ఆ పిల్లవాడి జీవితాన్ని పణంగా పెట్టారో ఆ కొలువే లేకుండా పోతుంది. తర్వాత వాడు నాటకసమాజంలో చేరడం, అక్కడ తన స్థితి బయటపడి అవమానం పాలవడం, చివరికి పేరుకు మాత్రమే మిగిలిన రాజు కొలువులో చేరడం, ఆ రాజునే ప్రాసాదం నుంచి వెళ్ళగొట్టడం, ఇలా సాగుతుంది. ఒక మనిషి ఏ గుమ్మం తొక్కినా ఆ ఇల్లు కూలిపోతూ ఉండడమే ఈ కథలోని విషాదం.

ఇది సినిమా రచయితలు ఊహించి కట్టిన కథేమో అనిపించవచ్చు. కానీ ఇంచుమించు ఇలాగే బతికిన మనిషి ఒకరు నిజంగానే ఉన్నారు. ఆయన పేరు సున్ యావోటింగ్. 1902లో టియాన్‌జిన్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న జింగ్‌హాయ్ ప్రాంతంలో పుట్టి, చైనా రాజప్రాసాదంలో పనిచేసిన నపుంసక సేవకులలో చివరివాడిగా 1996 డిసెంబరులో బీజింగ్‌లో కన్నుమూశారు. జియా యింగ్‌హువా అనే చరిత్రకారుడు ఆయనతో ఏళ్ళ తరబడి మాట్లాడి జీవితచరిత్ర రాశారు గనుక, ఆ కొలువు లోపలి జీవితం గురించి సేవకుడి నోటి నుంచే వినే అవకాశం మనకు దక్కింది. సినిమాలోని లాయ్ షీ పూర్తిగా సున్ యావోటింగ్ కాదు. పేరు వేరు, మలుపులు వేరు. అయినా ఇద్దరి బతుకుల్లోనూ మొదటి అధ్యాయం ఒక్కటే గనుక, ఈ వీడియోలో సినిమానూ ఆ మనిషినీ పక్కపక్కన పెట్టి మాట్లాడుతాను.

ఈ సినిమా గురించి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటుంది. రాజప్రాసాదం అనగానే మనం కుట్రల కోసం, పట్టువస్త్రాల కోసం, అందచందాల కోసం చూస్తాం. ఈ చిత్రానికి అసలు బలం ప్రాసాదంలో లేదు. మట్టిగోడల ఇంట్లో కత్తి పట్టుకున్న తండ్రిలో ఉంది. ఆ తండ్రిని ఒట్టి క్రూరుడని కొట్టిపారేస్తే ఈ కథ మనకు అందదు. ఆయన ఒక లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తప్ప, రెండువేల ఏళ్ళ పాటు చైనాలో ఈ వ్యవస్థ ఎలా నిలిచిందో బోధపడదు.

సున్ యావోటింగ్ కుటుంబం సంగతే చూద్దాం. ఊళ్ళోని ఒక భూస్వామి వాళ్ళ పొలం లాక్కుని, ఇల్లు తగలబెట్టించాడు. ఎవరికి చెప్పుకోవాలి? ఆ భూస్వామిని నిలదీసే స్థాయికి ఎదగాలంటే పేదవాడి ముందున్న దారులు చాలా కొద్ది. సివిల్ సర్వీసు పరీక్షలు రాయాలంటే ఏళ్ళ తరబడి చదువు కావాలి, ఆ చదువుకు డబ్బు కావాలి. పైగా 1905లో ఆ పరీక్షలనే ప్రభుత్వం రద్దు చేసింది. ఇక మిగిలింది రాజుగారి ఇంటి గుమ్మం. ఆ గుమ్మంలోకి పేద మగపిల్లవాడు అడుగుపెట్టాలంటే చెల్లించవలసిన మూల్యం ఏమిటో ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు.

ఎందుకు తెలుసంటే, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచే రాజప్రాసాదానికి తరతరాలుగా సేవకులు వెళ్తూ వచ్చారు. జింగ్‌హాయ్‌కు పొరుగునే డాచెంగ్ అనే ప్రాంతం ఉంది. 1848లో అక్కడ పుట్టిన లీ లియాన్‌యింగ్ చిన్నతనంలోనే ప్రాసాదంలో చేరి, తర్వాతి కాలంలో రాజమాత త్సుషీకి కుడిభుజమయ్యాడు. నపుంసక సేవకులకు నాలుగో శ్రేణిని మించిన హోదా ఇవ్వకూడదన్న పాత నియమాన్ని పక్కనపెట్టి ఆమె అతనికి రెండో శ్రేణి హోదా ఇచ్చింది. 1903లో త్సుషీ తనను కరుణాదేవత గ్వాన్‌యిన్‌గా అలంకరించుకొని సరస్సు మీద ఫోటోలు తీయించుకున్నప్పుడు, లీ లియాన్‌యింగ్ వెయ్‌తువో అనే రక్షకదేవత వేషంలో పక్కన నిలబడ్డాడు. ఎవరెవరు ఏ వేషం కట్టాలో ముందుగానే రాసి పంపిన ఉత్తర్వు ఒకటి ఉంది. అందులో అతను వెయ్‌తువో శిరస్త్రాణం మరచిపోకుండా తెచ్చుకోవాలని కూడా గుర్తుచేశారు. ఆ వెయ్‌తువో మరెవరో కాదు, బౌద్ధంతో పాటు చైనాకు ప్రయాణం కట్టిన మన స్కందుడే. పేదింటి నుంచి వచ్చిన సేవకుడు మహారాణి పక్కన దేవుడి వేషంలో నిలబడగలిగాడన్న వార్త పల్లెల్లో ఎంతమంది తండ్రుల నిద్ర చెడగొట్టి ఉంటుందో ఊహించండి.

అంతకంటే దగ్గరి ఉదాహరణ మరొకటి ఉంది. షియావో ద జాంగ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన సేవకుడు సున్ యావోటింగ్ సొంత ప్రాంతమైన జింగ్‌హాయ్ వాడు. ధనవంతుల బండి దగ్గర ఆడుకున్నందుకు చిన్నప్పుడు దెబ్బలు తిని, అలాంటి బండి సంపాదించాలంటే ఏం చేయాలని ఇంట్లో అడిగి, ఆ జవాబు విన్నాక ప్రాసాదం దారి పట్టాడని అతని గురించి కథగా చెప్పుకుంటారు. త్సుషీ తర్వాత రాజమాత అయిన లోంగ్‌యూ దగ్గర అతను ఎంత సంపాదించాడంటే, రాచరికం పోయిన తర్వాత టియాన్‌జిన్‌లో 1922లో పెద్ద భవనం కట్టించాడు. తర్వాత ఒక రాకుమారుడు దాన్ని కొనుక్కున్నాడు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. సేవకుడు కట్టిన ఇంటిని రాజవంశీకుడు కొనుక్కున్న ఆ లావాదేవీ ఒక్కటి చాలు, పల్లెటూరి రైతులు ఎందుకు అటువైపు చూశారో చెప్పడానికి.

అయితే పేర్లు మిగిలినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే. తక్కిన వేలమంది ప్రాంగణాలు ఊడుస్తూ, పల్లకీలు మోస్తూ, దీపాలు వెలిగిస్తూ, పై అధికారుల చేతి దెబ్బలు తింటూ బతికారు. కిందిస్థాయి సేవకుడి నెలజీతం రెండు టేళ్ళ వెండి, కొంత బియ్యం. టేల్ అంటే సుమారు 37 గ్రాములు. భరించలేక పారిపోయినవాళ్ళను పట్టుకొచ్చి, కొట్టి, గడ్డి కోసే శిక్ష వేసేవారు. ఊరి నుంచి వెళ్ళిన వందమందిలో పైకొచ్చిన ఒక్కడి పేరే ఊళ్ళో మారుమోగుతుంది. మిగతా తొంభైతొమ్మిది మంది ఏమయ్యారని ఎవరూ అడగరు. తండ్రి వేసుకున్న లెక్కలో తప్పు అక్కడే ఉంది. ఈ తప్పు ఆ ఒక్క దేశానికో ఆ ఒక్క కాలానికో పరిమితమైనది కాదని సినిమా చూస్తున్నంతసేపూ నాకు అనిపించింది.

నపుంసక సేవకులకు ఇంత అధికారం ఎలా వచ్చిందన్న ప్రశ్నకు కాస్త వెనక్కి వెళ్ళాలి. రాణులు, ఉంపుడుగత్తెలు ఉండే అంతఃపురంలో రాజు తప్ప మరో మగవాడు ఉండకూడదన్న నియమం వల్ల వాళ్ళ అవసరం పుట్టింది. రాత్రింబవళ్ళు రాజుకు దగ్గరగా ఉండేది వాళ్ళే గనుక, రాజు చెవి వాళ్ళకు అందింది. వాళ్ళకు వారసులు ఉండరు కాబట్టి సింహాసనానికి పోటీ రారన్న ధీమా రాజులకు ఉండేది. కాగితం తయారీని మెరుగుపరచి క్రీ.శ. 105లో చక్రవర్తికి నివేదించిన కాయ్ లున్ నపుంసక సేవకుడే. 15వ శతాబ్దంలో భారీ నౌకాదళాలతో మన కోళికోడ్ దాకా వచ్చిన జెంగ్ హె కూడా అలాంటివాడే. ఇంకో వైపు, జూదంలో అప్పుల పాలై తనను తానే కోసుకొని ప్రాసాదంలో చేరిన వెయ్ జోంగ్‌షియాన్ 1620లలో మింగ్ సామ్రాజ్యాన్నే గుప్పిట పెట్టుకొని ఎందరో పండితులను చంపించాడు. కాకతీయుల చరిత్ర చదివినవారికి 1310లో ఓరుగల్లు ముట్టడించి ప్రతాపరుద్రుడి చేత కప్పం కట్టించుకున్న మాలిక్ కాఫూర్ గుర్తుకొస్తాడు. అల్లావుద్దీన్ ఖిల్జీ కొలువులో సేనాపతి దాకా ఎదిగిన అతను కూడా ఇలాంటి సేవకుడే.

మింగ్ వంశం పతనాన్ని కళ్ళారా చూసి, ఆ తర్వాత చైనాను ఏలిన మంచూలు ఆ అనుభవం నుంచి పాఠం నేర్చుకున్నారు. 1655లో షున్‌జీ చక్రవర్తి ఇనుప ఫలకం మీద శాసనం చెక్కించి ప్రాసాదంలో పెట్టించాడు. నపుంసక సేవకులు రాజకీయాల్లో వేలు పెడితే ఘోరమైన మరణదండన తప్పదని అందులో ఉంది. సేవకుల సంఖ్య కూడా బాగా తగ్గించారు. ఆ శాసనం ప్రాసాదంలో ఉండగానే త్సుషీ కాలంలో లీ లియాన్‌యింగ్ అంతటివాడు కాగలిగాడు. ఇనుము మీద చెక్కినా సరే, అంతఃపురంలో ఎవరి మాట చెల్లుతుందన్నది ఆ పూట ఎవరు ఎవరికి దగ్గరగా ఉన్నారన్నదాన్ని బట్టే ఉండేది.

ఇప్పుడు మళ్ళీ ఆ మట్టి ఇంటికి వద్దాం. బీజింగ్‌లో ఈ పని కులవృత్తిగా చేసే కుటుంబాలు ఉండేవి. 19వ శతాబ్దంలో చైనా కస్టమ్స్ శాఖలో పనిచేసిన కార్టర్ స్టెంట్ అనే బ్రిటిష్ వ్యక్తి 1877లో ప్రచురించిన వ్యాసంలో ఆ వివరాలు నమోదు చేశాడు. కోసే ముందు చివరిసారిగా, తర్వాత పశ్చాత్తాపపడవు కదా అని అడిగేవారట. ముఖంలో సందేహం కనిపిస్తే ఆపేసేవారట. రుసుము ఆరు టేళ్ళ వెండి. కోసిన తర్వాత మూడు రోజులు నీళ్ళు తాగనివ్వరు. ఆపైన అడ్డుగా పెట్టినది తీసినప్పుడు మూత్రం వస్తే మనిషి బతికినట్టు, రాకపోతే నరకయాతనతో చావే.

సున్ యావోటింగ్ ఇంటికి అలాంటి వృత్తివాడు ఎవరూ రాలేదు. ఎనిమిదేళ్ళ కొడుకును తండ్రే ఇంట్లో మంచం మీద పడుకోబెట్టి, మత్తు మందు లేకుండా కోశాడు. నూనెలో తడిపిన కాగితమే కట్టు. మూత్రనాళం పూడిపోకుండా బాతు ఈక కాడ ఒకటి గుచ్చి ఉంచాడు. పిల్లవాడు మూడు రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాడు, రెండు నెలల దాకా సరిగ్గా కదలలేకపోయాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేత సరే అనిపించుకున్నా ఆ అంగీకారానికి విలువ ఉండదు. ఇదంతా చేసింది అపుత్రస్య గతిర్నాస్తి అని మనవాళ్ళు నమ్మినట్టే, వంశం నిలపకపోవడమే తల్లిదండ్రులకు చేసే అన్నిటికంటే పెద్ద ద్రోహమని నమ్మిన సమాజంలో. తల్లిదండ్రులు ఇచ్చిన దేహానికి గాటు పడనీయకూడదని పిల్లలకు బోధించే సంప్రదాయం అది. అలాంటి చోట ఒక తండ్రి తన వంశవృక్షాన్ని తన చేతులతో నరుక్కున్నాడంటే, ఆ ఇంటి మీద పడిన ఆకలి ఎంతటిదో, భయం ఎంతటిదో, పగ ఎంతటిదో ఆలోచించండి. సినిమా ఈ ఘట్టాన్ని దాటవేయకుండా, కథకు పునాదిగా నిలబెట్టినందుకు నేను దర్శకుడికి చేతులెత్తి నమస్కరిస్తాను.

పిల్లవాడు మంచం దిగేసరికి చక్రవర్తి లేడు. ఆరేళ్ళ పసివాడైన పూయీ తరఫున రాజమాత లోంగ్‌యూ 1912 ఫిబ్రవరి 12న పదవీత్యాగ పత్రం జారీ చేసింది. దానితో పాటు కొత్త గణతంత్ర ప్రభుత్వం రాజకుటుంబానికి కొన్ని హామీలు ఇచ్చింది. బిరుదు ఉంచుకోవచ్చు, ఏటా 40 లక్షల టేళ్ళ భరణం వస్తుంది, ప్రస్తుతానికి ప్రాసాదంలోనే ఉండవచ్చు. ఆ ఒప్పందంలో ఆరో అంశాన్ని చాలామంది పట్టించుకోరు. ప్రాసాదంలో ఇప్పటికే ఉన్న సిబ్బందిని కొనసాగించవచ్చు గాని, ఇకమీదట నపుంసకులను కొత్తగా చేర్చుకోకూడదని అందులో స్పష్టంగా రాశారు. అంటే సున్ యావోటింగ్ గాయం మానే నాటికి అతను ఆశించిన ఉద్యోగం చట్టప్రకారమే రద్దయిపోయింది. ‘లాస్ట్’ అనే మాట సినిమా పేరులో ఎందుకుందో నాకు ఈ ఒక్క అంశం చదివాక బోధపడింది. నోటి దాకా వచ్చిన కూడు పోవడం వేరు. ఆ కూడు కోసం తిరిగి రానిదాన్ని ఇచ్చేసిన తర్వాత పోవడం వేరు.

అయితే ఒప్పందాలు ఒక దారిన, ప్రాసాదం ఒక దారిన నడిచాయి. ఎర్ర గోడల లోపల పాత లోకం మరో పన్నెండేళ్ళు అలాగే సాగింది. బయట గణతంత్రం, లోపల సాష్టాంగ నమస్కారాలు. సున్ యావోటింగ్ మొదట పూయీకి బాబాయి అయిన జైటావో ఇంట్లో పనికి కుదిరి, తర్వాత ప్రాసాదంలోకి వచ్చాడు. 1922 డిసెంబరులో పూయీకి వాన్‌రోంగ్‌తో పెళ్ళయ్యాక, ఆ పట్టపురాణి పరిచారకుల్లో ఒకడయ్యాడు. తండ్రి లెక్క ఆలస్యంగానైనా ఫలించినట్టే కనిపించిన రోజులవి.

ఆ లోపలి జీవితం ఎలా ఉండేదో చెప్పడానికి సేవకుల మాటలు కూడా అక్కర్లేదు, పూయీయే తన ఆత్మకథలో రాసుకున్నాడు. చిన్నతనంలో ఏ కారణమూ లేకుండా సేవకులను కొట్టించడం తనకు సరదాగా ఉండేదని ఒప్పుకున్నాడు. ఒకసారి కేకులో ఇనుపరజను పెట్టి ఒక సేవకుడి చేత తినిపించి, వాడి ముఖం ఎలా మారుతుందో చూడాలనుకున్నాడట. పాలిచ్చి పెంచిన దాది తెలుసుకొని, ఇనుము కొరికితే పళ్ళు విరిగిపోతాయని వారించి, అంతగా చూడాలనిపిస్తే ఎండు పప్పుగింజలు పెట్టమని ఒప్పించింది. ఆ పిల్లవాడికి ఎదుటి మనిషికి నొప్పి కలుగుతుందని చెప్పినవాళ్ళు ఆ దాది తప్ప ఎవరూ లేరు. సేవకుడి కోణం నుంచి తీసిన సినిమా మనకు ఎందుకు అవసరమో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. రాజు కథలో ఇది బాల్యచాపల్యం కింద ఒక పేరాలో అయిపోతుంది. ఆ కేకు కొరికిన వాడికి మాత్రం అది రోజువారీ బతుకు.

1923 జూన్ నెలాఖరులో ఒక రాత్రి జియాన్‌ఫూ ప్రాసాద ఉద్యానంలో మంటలు లేచాయి. పూర్వ చక్రవర్తులు సేకరించిన కళాఖండాలు దాచిన చోటు అది. ఆ వస్తువుల జాబితా తయారుచేయించాలని పూయీ సంకల్పించిన తరుణంలోనే మంటలు రావడంతో, దొంగతనాలు బయటపడకుండా సేవకులే నిప్పు పెట్టారని అతను అనుమానించాడు. జులైలో సుమారు వెయ్యిమందిని ఒక్కసారిగా బయటికి పంపేశాడు. కొద్దిమంది మాత్రమే రాణుల దగ్గర మిగిలారు. దొంగలు వాళ్ళలో ఉన్న మాట నిజమే, ప్రాసాదపు సొమ్ము అమ్ముకున్నవాళ్ళు అధికారుల్లోనూ ఉన్న మాటా నిజమే. శిక్ష మాత్రం అందరికంటే దిక్కులేనివాళ్ళకే పడింది. ఇల్లు, భార్య, పిల్లలు, వేరే పని ఏదీ లేని మనుషులు మూటలు పట్టుకొని ప్రాసాదం వెనుక ద్వారం బయట నిలబడ్డారు.

ఇంకో ఏడాదికి రాజుకే ఆ గతి పట్టింది. 1924 నవంబరు 5న యుద్ధప్రభువు ఫెంగ్ యూషియాంగ్ సైనికులు వచ్చి, మూడు గంటల్లో ఖాళీ చేయమన్నారు. ఆ సమయానికి పూయీ, వాన్‌రోంగ్ పళ్ళు తింటూ కబుర్లు చెప్పుకుంటున్నారని అతనే రాశాడు. సున్ యావోటింగ్ కొలువు అంతటితో పోయింది. తర్వాత జపానువాళ్ళు మంచూరియాలో పూయీని కీలుబొమ్మ రాజుగా కూర్చోబెట్టినప్పుడు అక్కడికీ వెళ్ళాడు. 1945లో అదీ కూలిపోయింది.

ఇక సినిమాగా దీని గుణదోషాలు చెప్పాలి. మాక్స్ మోక్ ఈ పాత్రను జాలి కోసం చేయి చాచకుండా నటించాడు. అదే సినిమాను కాపాడింది. చూసేవాళ్ళు ఏడవాలన్న ఆత్రం కనిపించి ఉంటే ఈ కథ పది నిమిషాల్లో చప్పబడిపోయేది. నాటకసమాజం భాగం కూడా నాకు బాగా నచ్చింది. మగవాళ్ళు ఆడవేషాలు కట్టే రంగస్థలం మీద చప్పట్లు కొట్టే జనమే, తెర వెనుక ఈ కుర్రవాడి నిజం తెలియగానే ముఖం తిప్పుకుంటారు. వేషంగా మెచ్చుకున్నదాన్ని బతుకుగా భరించలేని సమాజాన్ని ఉపన్యాసం లేకుండా చూపించారు. దోషాలకొస్తే, చిన్ననాటి స్నేహితురాలితో ప్రేమకథకు అవసరమైనదాని కంటే ఎక్కువ చోటు ఇచ్చారని నా అభిప్రాయం. యాదృచ్ఛికంగా కలుసుకోవడాలు, విడిపోవడాలు అప్పటి హాంగ్‌కాంగ్ చిత్రాల అలవాటే కావచ్చు గాని, చరిత్రే ఇంత నిర్దయగా మలుపులు తిప్పిన కథకు అదనపు మలుపులు అక్కర్లేదు. ఆ సమయాన్ని ప్రాసాదం లోపలి రోజువారీ పనికి, సేవకులు ఒకరినొకరు ఎలా చూసుకున్నారన్నదానికి ఇచ్చి ఉంటే చిత్రం ఇంకా గొప్పదయ్యేది.

అసలు లోటు మరొకటి. ఈ చిత్రం తన శక్తినంతా రాచరికపు పతనం చుట్టూనే ఖర్చు చేసింది. నిజమైన మనిషి ప్రాసాదం వదిలాక మరో డెబ్బై ఏళ్ళకు పైగా బతికాడు. వారసులు లేని నపుంసక సేవకులు ముసలితనంలో తలదాచుకోవడానికి తరతరాలుగా డబ్బు పోగేసి బీజింగ్ చుట్టూ గుళ్ళకు విరాళాలు ఇచ్చేవారు. పని ఉడిగాక అక్కడికే చేరి, ఒకరి అంత్యక్రియలు ఒకరు జరుపుకునేవారు. సున్ యావోటింగ్ కూడా తనలాంటి వాళ్ళతో కలిసి గుడిలోనే కాలం గడిపాడు. 1949 తర్వాత కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో ఆలయాల బాగోగులు చూసే పని చేశాడు. ధనం పోగేసుకోలేదు గాని, ఏ పాలనలో ఎప్పుడు నోరు మూసుకోవాలో ప్రాసాదం నేర్పిన విద్య అతన్ని యుద్ధాల నుంచీ రాజకీయ తుపానుల నుంచీ దాటించింది.

ఒక్క విషయంలో మాత్రం ఆ విద్య పనికిరాలేదు. కోసిన భాగాన్ని ఈ సేవకులు పారేయరు. భద్రపరచి, డబ్బాలో పెట్టి, ఎత్తయిన చోట దాచేవారు. పదోన్నతి వచ్చినప్పుడు దాన్ని చూపించాలి. చనిపోయాక శవంతో పాటు సమాధిలో పెట్టాలి. అలా పెడితేనే మనిషి పూర్తి దేహంతో పూర్వీకుల దగ్గరికి చేరతాడని నమ్మకం. పాత ఆచారాలను, ఆనవాళ్ళను తుడిచిపెట్టాలని మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవ కాలంలో, 1960ల చివర, పాత రాచరికపు ఆనవాళ్ళు ఇంట్లో దొరికితే ఏం ముంచుకొస్తుందోనన్న భయంతో సున్ యావోటింగ్ కుటుంబమే దాన్ని పారేసింది. ముసలితనంలో ఆయన రెండు సంగతులు తలుచుకున్నప్పుడే కన్నీళ్ళు పెట్టుకునేవాడని జీవితచరిత్రకారుడు చెప్పాడు. ఒకటి తండ్రి కోసిన రోజు, రెండోది కుటుంబం దాన్ని పారేసిన రోజు.

మొదటి రోజు సినిమాలో ఉంది. రెండో రోజు లేదు. 1987లో ఈ చిత్రం తీసేనాటికి ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడు. ఆ రెండు రోజుల మధ్య అర్ధశతాబ్దానికి పైగా కాలం ఉంది, కొలువు పోయిన సేవకులు గుడిలో కలిసి బతికిన ఏళ్ళు అందులోనే ఉన్నాయి. రాచరికాల వైభవం మీద వందల చిత్రాలు వచ్చాయి. ఆ గుడి జీవితాన్ని, ఆ తర్వాతి భయాన్ని, ఆ పారేసిన రోజును ఎవరైనా ఓపికగా తీయాలి. అప్పటిదాకా ఈ చిత్రాన్ని సగం కథగా భావించి చూడండి. చూసినవారు ఆ తండ్రి గురించి మీకేమనిపించిందో కింద రాయండి, ప్రతి మాటా నేను చదువుతాను.